కింది నుంచి పైకి

ఆదోని నుంచి కర్నూలుకు
ఎమ్మిగనూరు మీదుగా ఎర్రబస్సు
ఆగి ఆగి ఎక్కించుకుంటూ పోయినా మూడు గంటలు.
మా మెయిలు మాత్రం
పొద్దున తొమ్మిదీ పన్నెండుకు బయల్దేరి
మధ్యాహ్నం ఒకటీ నలభైకి చేరింది.
బస్సుకైనా కండక్టరుంటాడు, అడగొచ్చు.

జిన్నింగు మిల్లులో నాకున్నది
ఒక మూల, ఒక ఫ్యాను, దూదినుసి పట్టిన సర్వరు.
శనివారం శనివారం తుడుస్తాను,
జలుబు చేసిన పిల్లోడి ముక్కు తుడిచినట్టు.
పత్తి సీజన్లో ఇక్కడ టీలో కూడా
ఒక పోగు తేలుతుంది.

ఆ మెయిల్లో ఉన్నది చిన్న జాబితానే.
ముప్పై నాలుగు పేర్లు, క్వింటాళ్లు, తేమ శాతం,
ఎవరికెంత రావాలో.
కర్నూలు వాళ్లు సరే అంటేనే డబ్బు కదిలేది.
ఆ పేర్లలో కొన్ని
కిటికీ అవతల ఖాళీ గోతాల మీద పడుకుని ఉన్నాయి.
"ఏమప్పా కంప్యూటరూ, ఇంగా పోలేదా?"
హాలహర్వి ఈరన్న నాకా పేరే ఖాయం చేశాడు.
"పోయింది పెద్దాయనా."
"పోయింటే చేరల్ల గదా."

కర్నూలుకు ఫోన్ చేస్తే సుభాషిణి
తప్పు మా వైపు లేదంది.
మా వైపూ లేదన్నాను.
అయితే అది కోడుమూరు బస్టాండులో
సోడా తాగుతూ కూర్చుని ఉండాలి.

పరీక్షకని ఉత్తుత్తి మెయిళ్లు పంపాను.
టెస్ట్ ఒకటి. టెస్ట్ రెండు.
అయిదోది: అందిందా?
ఎనిమిదోది: ఎవరైనా ఉన్నారా అక్కడ?
పదకొండో దాంట్లో ఏం రాశానో ఇక్కడ చెప్పను.

రాత్రి, యంత్రాలు ఆగాక,
ఎట్లాగో చేరిన ఒక మెయిలును తిరిగి తెప్పించుకుని
దాని ఒంటి మీది ముద్రలు చదివాను.
కింది నుంచి పైకి చదవాలి వాటిని.
బయల్దేరిన గడప అడుగున ఉంటుంది,
చేరిన గడప నెత్తిన.
మా సర్వరు గడియారం ఏడు నిమిషాలు ముందుంది.
దాన్ని సరిచేస్తే
ఆలస్యం తగ్గలేదు, ఇంకో ఏడు నిమిషాలు పెరిగింది.

లాగులో, కర్నూలు గడప దగ్గర, ప్రతిసారీ ఒకే మాట:
నువ్వెవరో తెలీదు, కాసేపాగి రా.
కోపం కాదది, ఆ సర్వరు పద్ధతి.
దొంగ ఉత్తరం మళ్లీ రాదని,
నిజమైంది తిరిగొచ్చి తలుపు కొడుతుందని
దాని నమ్మకం.
మాది తిరిగొచ్చింది. పావుగంటకు, అరగంటకు, గంటకు.
ప్రతిసారీ
నువ్వెవరో తెలీదు.

గేటు దగ్గర ఉసేనప్ప లారీ డ్రైవరు మీద అరుస్తున్నాడు.
"ముందర ఒక నంబరు, ఎనక ఒక నంబరు!
ఏ నంబరని రాసుకోవల్లరా బుక్కులో?"

టీ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది నాకు.

దసరా ముందు చౌకని వేయించిన కొత్త లైను.
గడప దాటిన ప్రతిసారీ
తన మందలోంచి చేతికందిన నంబరొకటి
మెడలో వేసి పంపుతుంది.
ఉత్తరం అదే, కాళ్లు అవే,
తలుపు దగ్గర మొహం మాత్రం ఎప్పుడూ కొత్తది.
ఎన్నిసార్లు తిరిగొచ్చినా
అది మొదటిసారే.

మెయిళ్లను మళ్లీ పాత లైనుకు కట్టాను,
దానికి ఒకే నంబరు, మార్పు లేదు.
పదీ నలభైకి సుభాషిణిని లేపి
ఆ నంబరు రాసుకోమన్నాను.
ఆగినవన్నీ ఒక్కసారి కదిలాయి.
రెండు నిమిషాల తర్వాత ఆమే ఫోన్ చేసింది.
"పదకొండోది చదివాను," అంది.
నవ్విందో లేదో తెలియలేదు.

మర్నాడు జాబితా నాలుగు సెకన్లలో చేరింది.
నేను కిటికీలోంచి తల బయటపెట్టి మరీ చెప్పాను.
"చేరింది పెద్దాయనా!"
"దుడ్డు?"
"చేరింది గానీ... సార్ ఇంకా చూడలేదంట. భోజనానికి పోయినాడు."

ఈరన్న నా వైపు చూశాడు,
నా వెనకున్న డబ్బా వైపు చూశాడు.
గోతం దులుపుకుని
నీడ జరిగిన వైపుకు జరిగాడు.